ఏడాదికే పదవి, ఇద్దరు పెద్దలు, పదిమంది అడ్డుచెప్పేవాళ్లు: రోమ్ పద్ధతి ఇప్పుడు ఎవరికీ ఎందుకు లేదు?

బెజవాడ_బాబీ
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎలక్షన్ల మాట వస్తే చాలు, ఒకాయన రోమ్‌ని పట్టుకొస్తాడు. రెండు వేల ఏళ్ల కిందటే వాళ్లు అంతా కనిపెట్టేశారు, మనమే పాడుచేసుకున్నాం అంటాడు. ఆయన నోరు మూయిద్దామని నేనూ చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఆయన చెప్పేదే నిజమేమో అనిపిస్తోంది, అదీ నా బాధ.

క్రీ.పూ. 509లో రాజుని వెళ్లగొట్టారంటారు. మళ్లీ ఒక్కడి చేతికి అధికారం పోకూడదని ఇద్దరు కాన్సుల్స్‌ని పెట్టుకున్నారు. పదవి ఒక్క ఏడాదే. ఒకడు చేసేదాన్ని ఇంకొకడు ఆపొచ్చు. సామాన్యుల తరఫున పదిమంది ట్రిబ్యూన్లు, వాళ్లలో ఏ ఒక్కడు అడ్డుచెప్పినా పని ఆగాల్సిందే. మరీ ముంచుకొస్తే డిక్టేటర్, అతనికి కూడా ఆరు నెలలే గడువు.

మనకి ఐదేళ్లు. ఒకసారి మెజారిటీ వస్తే ఆపేవాడు లేడు. మరి ఇప్పటి ప్రభుత్వాలు ఆ పద్ధతి ఎందుకు తీసుకోలేదు? చదివినవాళ్లు కాస్త చెప్పండి.

మిరపకాయబజ్జి
పదిమందిలో ఒక్కడు వద్దన్నా పని ఆగాలంటే మా ఇంట్లో ఆ పద్ధతి ఎప్పటినుంచో అమల్లో ఉంది. వేసవిలో ఊటీ వెళ్లాలని మూడేళ్లుగా అనుకుంటున్నాం.

పాతపుస్తకం
బాబీ, నువ్వు పదవుల సంగతి చదివావు గానీ వోట్లు ఎలా లెక్కపెట్టేవాళ్లో చదివినట్టు లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

కాన్సుల్స్‌ని ఎన్నుకునే సభలో మనిషికో వోటు కాదు, గుంపుకో వోటు. ఆ గుంపుల్ని సెంచురీలు అంటారు, మొత్తం 193. ఆస్తిని బట్టి జనాన్ని వీటిలోకి సర్దేవాళ్లు. రోమ్ చరిత్రకారుడు లివీ చెప్పిన లెక్కలో గుర్రపు దళం వాళ్లకి 18, మొదటి ఆస్తి తరగతికి 80. కలిపితే 98. గెలవడానికి కావలసింది 97. అంటే డబ్బున్నవాళ్లు ఒకమాట మీద ఉంటే మిగతా ఊరంతా ఎటు వేసినా ఒకటే. సెంటు భూమి కూడా లేనివాళ్లందర్నీ, వాళ్లు ఎన్ని వేలమంది ఉన్నా, కట్టగట్టి ఒకే ఒక్క సెంచురీలో పడేశారు.

వోటింగ్ పైనుంచి కిందకి నడిచేది. మెజారిటీ రాగానే ఆపేసేవాళ్లు. పేదవాళ్ల సెంచురీ దాకా పిలుపు వచ్చేదే అరుదు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో కాస్త మార్చి మొదటి తరగతికి 80 బదులు 70 చేశారు, అంతే. మీ అపార్ట్‌మెంట్ పెద్దాయనకి ఈ 98 లెక్క చెప్పి చూడు.

కరీంనగర్_కుర్రోడు
పాతపుస్తకం అన్నా, సగమే చెప్పినవ్. అది కాన్సుల్స్‌ని ఎన్నుకునే సభ. చట్టాలు ఎక్కువగా పాస్ అయ్యింది ట్రైబ్‌ల సభలో. అక్కడ 35 ట్రైబ్‌లు, అంటే ప్రాంతాల వారీగా జనాన్ని విడగొట్టిన గుంపులు, ఆస్తితో పని లేదు. క్రీ.పూ. 287లో హోర్టెన్సియస్ చట్టం వచ్చినంక సామాన్యుల సభ చేసిన తీర్మానం పెద్దల సభ సెనేట్ ఆమోదం లేకున్నా అందరికీ చట్టమే. అంటే మామూలు మనిషి పోయి చట్టం మీద నేరుగా వోటు వేసి వచ్చేవాడు. ఇప్పుడు నువ్వు గానీ నేను గానీ ఒక్క చట్టం మీదనన్నా వోటు వేసినమా? మన ఎమ్మెల్యేకే బిల్లులో ఏముందో తెల్వదు.

పాతపుస్తకం
వేసేవాడు, నిజమే. కానీ అవును, కాదు, అంతవరకే. ఆ సభలో చర్చ లేదు, సవరణ లేదు. మాట్లాడటానికి వేరే సభ పెట్టేవాళ్లు, అక్కడ ఎవరు మాట్లాడాలో సభ పెట్టిన అధికారి ఇష్టం. ఇక 35 ట్రైబ్‌లలో రోమ్ నగరానికి నాలుగే, పల్లెలకి 31. నగరంలో కిక్కిరిసి ఉన్న జనం, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు చాలావరకు ఆ నాలుగింట్లోనే. పల్లె ట్రైబ్ నుంచి ఖర్చుపెట్టుకుని వచ్చిన నలుగురు ఆసాములు వేస్తే ఆ ట్రైబ్ మొత్తం వేసినట్టే లెక్క. వోటు వేయాలంటే రోమ్‌కి మనిషే రావాలి, ఇంకో దారి లేదు.

లా_పాయింట్
బాబీ గారు అడిగిన "ఎందుకు తీసుకోలేదు" అన్నదానికి: చాలా తీసుకున్నారు, గుర్తుపట్టలేనంతగా మార్చి తీసుకున్నారు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో రోమ్‌కి బందీగా వెళ్లిన గ్రీకు రచయిత పాలిబియస్, కాన్సుల్స్‌లో రాచరికం, సెనేట్‌లో పెద్దల పాలన, సభల్లో ప్రజాపాలన కలిసి ఉన్నాయని, అవి ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయని రాశాడు. ఆ ఆలోచన ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ మీదుగా అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ల దాకా వెళ్లింది. మాడిసన్, హామిల్టన్, జే ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ పత్రికల్లో రాసిన వ్యాసాలకి పెట్టుకున్న కలంపేరు పబ్లియస్, అది రోమన్ పేరే.

మనవాళ్లు ఇంకో దారి పట్టారు. బ్రిటన్ పార్లమెంటు పద్ధతి తీసుకుని దాని నెత్తిమీద రాతపూర్వక రాజ్యాంగం, కోర్టు పెట్టారు. రోమ్‌లో లేనిది అదే. వాళ్లకి రాసిపెట్టిన రాజ్యాంగం లేదు. పెద్దల నాటి ఆచారం, ఆనవాయితీ, వాటిమీదే నడిచింది. చట్టం చెల్లదని కొట్టేసే కోర్టూ లేదు. ఆనవాయితీని ఒకడు తోసిరాజంటే అడ్డుకోవడానికి ట్రిబ్యూన్ నోరు, లేదంటే కర్ర, ఈ రెండే మిగిలేవి.

మిరపకాయబజ్జి
కర్ర సంగతి మన అసెంబ్లీల్లో మైకులు విరిగిన రోజు నుంచీ చూస్తున్నాం సార్.

రిటైర్డ్_మాస్టారు
నవ్వులాటకి అన్నా గానీ బజ్జి గారు దగ్గరికే వచ్చారు. క్రీ.పూ. 133లో జరిగింది అదే. నేను పిల్లలకి ఆ ఏడాది గురించే ఎక్కువసేపు చెప్పేవాణ్ణి.

టైబీరియస్ గ్రాకస్ ట్రిబ్యూన్ అయ్యాడు. ప్రభుత్వ భూమిని ఆసాములు వందల ఎకరాల లెక్కన ఆక్రమించి బానిసల చేత సాగు చేయిస్తున్నారు, చిన్న రైతు రోడ్డున పడ్డాడు. ఒక్కొక్కరికి 500 యూగెరాలు, అంటే మన లెక్కలో 310 ఎకరాల వరకే ఉంచి, మిగతాది పేదలకి పంచాలని బిల్లు పెట్టాడు. సాటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డుచెప్పాడు. చూడండి, ఇక్కడ బాబీ మెచ్చుకున్న ఆ అడ్డు పేదవాడి బిల్లుకే తగిలింది. ఆసాములకి కావలసింది పదిమందిలో ఒక్కడు, ఆ ఒక్కడు దొరికాడు.

అప్పుడు గ్రాకస్ అంతకుముందు ఎవరూ చేయని పని చేశాడు. ఆక్టేవియస్‌ని పదవి నుంచి దించాలని సభలో వోటుకి పెట్టాడు. 35 ట్రైబ్‌లలో 17 వేసేశాయి, ఇంకొక్కటి వేస్తే అయిపోతుంది. ఆ క్షణాన ఆపి, మనసు మార్చుకోమని ఆక్టేవియస్‌ని బతిమాలాడట. వినలేదు, దించేశారు. ఆ తర్వాత గ్రాకస్ రెండోసారీ ట్రిబ్యూన్ పదవికి నిలబడబోతే సెనేటర్లు బల్లల కాళ్లు విరిచి పట్టుకుని వచ్చి అతన్ని, మూడు వందలమందికి పైగా అతని మనుషుల్ని కొట్టి చంపి టైబర్ నదిలో పడేశారు. ముందు నడిచింది ప్రధాన పూజారి స్కీపియో నాసికా. ట్రిబ్యూన్ మీద చెయ్యి వేస్తే మహాపాపమని చట్టం.

సైలెంట్_రీడర్
మాస్టారు గారూ, ఆ 500 యూగెరాల పరిమితి గ్రాకస్ కొత్తగా పెట్టింది కాదు కదా? లిసీనియస్ చట్టంలోనే ఉందని చదివాను.

రిటైర్డ్_మాస్టారు
అవునండి, క్రీ.పూ. 367 నాటిదని లివీ రాశాడు. ఎవరూ ఖాతరు చేయలేదు. తమాషా ఏమిటంటే ఆ చట్టం తెచ్చిన లిసీనియస్ స్టోలో మీదే పదేళ్లకి కేసు పడింది. కొడుకుని వేరుపెట్టినట్టు కాగితాల మీద చూపించి, ఇద్దరూ కలిసి వెయ్యి యూగెరాలు పట్టుకున్నందుకు పదివేల ఆస్సుల (రోమన్ నాణేల) జరిమానా కట్టాడట.

మిరపకాయబజ్జి
బినామీకి ఆదిపురుషుడు దొరికాడు!! ఒక దండ వేయండయ్యా.

గోదారిగట్టు
ఇది చదివితే మా ఊరు గుర్తొచ్చింది. 1973 సీలింగు చట్టం వచ్చినప్పుడు తరిభూమి అయితే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 వరకే ఉంచుకోవాలి. చట్టం వస్తోందని గాలి తగలగానే మా తాతగారి అన్నదమ్ముల వరసలో ఒకాయన పొలాన్ని మేనల్లుళ్ల పేర, చివరికి పాలేర్ల పేర కూడా రాసేశారు. ఒక పాలేరు చనిపోయాక అతని కొడుకు ఆ కాగితం పట్టుకుని కోర్టుకెక్కాడు. కేసు గెలిచాడు కూడా. ఇప్పటికీ మా ఇంట్లో ఆ కుటుంబం పేరు ఎత్తితే పెద్దవాళ్లు మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం సీలింగు చట్టం పనిచేసిన చోటు అదొక్కటే అనిపిస్తుంది.

కరీంనగర్_కుర్రోడు
గోదారిగట్టు అన్నా, గదే నేను చెప్పేది. పాలేరు కొడుకు కోర్టుకి పోయి గెలిచిండు. రోమ్‌ల అట్లాంటోడు పోతే ఎవడన్నా వినేవాడా?

లా_పాయింట్
వినాలంటే ముందు కేసు వేసేవాడు కావాలి. రోమ్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్ అనేవాడే లేడు, పోలీసు శాఖా లేదు. ఏ నేరమైనా ఒక పౌరుడు పూనుకుని కేసు నడపాలి. రాజకీయంగా ఎదగాలనుకునే కుర్ర లాయర్లకి అదే మెట్టు. సిసిరో క్రీ.పూ. 70లో సిసిలీని దోచుకున్న మాజీ గవర్నర్ వెర్రెస్ మీద కేసు నడిపి పేరు తెచ్చుకున్నాడు. సాక్ష్యాలు ఎంత గట్టిగా ఉన్నాయంటే తొలి విడత విచారణ అవ్వగానే వెర్రెస్ మస్సీలియాకి, అంటే ఇప్పటి మార్సేకి పారిపోయాడు.

బెజవాడ_బాబీ
సరే, వోట్ల లెక్క అన్యాయమే. కానీ ఏడాది పదవి సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. ఏడాది తర్వాత దిగిపోవాలంటే తినడానికి టైమ్ ఎక్కడిది?

టెక్సాస్_బాబాయ్
బాబీ, తినడానికి టైమ్ పదవి అయ్యాకే మొదలయ్యేది. కాన్సుల్ పదవికి జీతం లేదు. దానికి ముందు ఈడైల్ అనే నగర అధికారిగా ఉన్నప్పుడు సొంత డబ్బు పోసి ఊరికి ఆటలు ఆడించాలి. సీజర్ క్రీ.పూ. 65లో 320 జతల గ్లాడియేటర్లని దింపాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు, అంతా అప్పే. కాన్సుల్ ఏడాది అయ్యాక ఒక ప్రాంతానికి గవర్నర్‌గా పంపేవాళ్లు. అప్పులు తీర్చుకునేది అక్కడ. వెర్రెస్ లాంటివాళ్లు పుట్టింది అందుకే.

ఏడాది రూలు కూడా అనుకున్నంత గట్టిదేం కాదు. దూరంగా యుద్ధం నడుస్తుంటే సేనాధిపతిని మధ్యలో మార్చలేక క్రీ.పూ. 326లోనే పొడిగింపు ఇవ్వడం మొదలైంది. సేనాధిపతి మారియస్ 104 నుంచి 100 దాకా వరసగా ఐదేళ్లు కాన్సుల్, మొత్తం ఏడుసార్లు. గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, సీజర్ ఎన్నేళ్లు ఉన్నాడో లెక్కేసుకో. సైన్యం అన్నం పెట్టినవాణ్ణి చూస్తుంది గానీ అప్పటికి సెనేట్‌ని చూడటం మానేసింది.

సైలెంట్_రీడర్
ఇద్దరు కాన్సుల్స్ విషయం కూడా. క్రీ.పూ. 216లో ఇటలీలోని కానే దగ్గర ఇద్దరూ ఒకే సైన్యంతో ఉన్నారు, రోజు మార్చి రోజు ఆజ్ఞలిచ్చేవాళ్లు. పౌలస్ ఈ చోట వద్దంటాడు, వారో కావాలంటాడు. వారో వంతు వచ్చిన రోజున యుద్ధానికి దిగారు, శత్రువు కార్తేజ్ సేనాధిపతి హానిబాల్ రోమ్ సైన్యాన్ని తుడిచిపెట్టేశాడు.

మిరపకాయబజ్జి
మా ఆఫీసులో ఒక ప్రాజెక్టుకి ఇద్దరు మేనేజర్లు. సోమవారం ఒకాయన చెయ్యమన్నది మంగళవారం ఇంకొకాయన తీసెయ్యమంటాడు. హానిబాల్ ఒక్కడే తక్కువ.

సరళ_వైజాగ్
ఇంతసేపు చదివాను, "ప్రజలు", "జనం" అని అందరూ రాస్తున్నారు. ఆడవాళ్లకి రోమ్‌లో ఏ సభలోనూ వోటు లేదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదా? బానిసల మాట సరేసరి.

వోటు లేకపోయినా ఊరుకోలేదు లెండి. క్రీ.పూ. 215లో యుద్ధం పేరు చెప్పి ఆడవాళ్లు అర ఔన్సు మించి బంగారం ఉంచుకోకూడదని ఒప్పియస్ చట్టం తెచ్చారు. యుద్ధం అయిపోయినా తీయలేదు. 195లో దాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన వస్తే ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి, ఊరి నడిబొడ్డున సభలు జరిగే ఫోరమ్‌కి వెళ్లే దారులన్నీ ఆపి, వచ్చే పోయే మగవాళ్లని నిలదీశారు. అడ్డుచెప్పిన ట్రిబ్యూన్ల ఇళ్ల ముందు కూర్చున్నారు. కాన్సుల్ కేటో ఎంత మొత్తుకున్నా చట్టం రద్దయింది.

మాస్టారు గారు గ్రాకస్ కథ చెప్పారు కదా, ఇది కూడా పిల్లలకి చెప్పారా?

రిటైర్డ్_మాస్టారు
మా పాఠంలో లేదమ్మా. హోర్టెన్సియా సంగతి మాత్రం చెప్పేవాణ్ణి. క్రీ.పూ. 42లో సీజర్ హంతకుల మీద యుద్ధానికి డబ్బు లేక 1400 మంది ధనిక స్త్రీల ఆస్తి మీద పన్ను వేయబోయారు. ఆవిడ ఫోరమ్‌లో నిలబడి, పదవుల్లో, సేనాధిపత్యంలో, పాలనలో మాకు వాటా లేనప్పుడు మేం పన్నెందుకు కట్టాలని అడిగింది. చివరికి జాబితాని 400కి తగ్గించారు.

సరళ_వైజాగ్
బంగారం జోలికొస్తే రెండువేల ఏళ్ల కిందటైనా ఇప్పుడైనా ఒకటే అని బజ్జి గారు జోకు వేసేలోపే చెప్తున్నా, వద్దు.

మిరపకాయబజ్జి
టైప్ చేసి డిలీట్ చేశా అక్కా.

కరీంనగర్_కుర్రోడు
డబ్బులు పంచుడు గురించి ఎవ్వరూ అనలేదేంది? చట్టాల మీద చట్టాలు తెచ్చినా ఆగలేదు గదా.

పాతపుస్తకం
ఆగడమా? ట్రైబ్‌ల వారీగా డబ్బు పంచడానికి అలవాటుపడ్డ మనుషులే ఉండేవాళ్లు. అభ్యర్థి డబ్బు ముందు ఒక మధ్యవర్తి దగ్గర పెట్టేవాడు, గెలిచాక పంపిణీ. సిసిరో తను కాన్సుల్‌గా ఉన్న క్రీ.పూ. 63లో శిక్ష పెంచి పదేళ్ల బహిష్కారం పెట్టాడు. అయినా 54 ఎన్నికల్లో వోట్ల కోసం ఎంత అప్పు ఎత్తారంటే రోమ్‌లో వడ్డీ ఏడాదికి 4 శాతం నుంచి 8కి ఎగబాకిందని సిసిరోయే ఉత్తరంలో రాశాడు. ఊరి మొత్తానికి వడ్డీ పెరిగిందంటే ఎంత పంచి ఉంటారో ఊహించుకోండి.

గోదారిగట్టు
మా దగ్గర ఇప్పుడు అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ అంకె చెప్తే మా వీధిలో కవర్లు పంచిన కుర్రాడు కూడా నవ్వుతాడు. ఒక పార్టీవాళ్లు మా ఇంటికి కవరు ఇస్తే మా అమ్మ వెనక్కి ఇచ్చేసింది. మర్నాడు రెండో పార్టీవాళ్లు వచ్చి, "వాళ్లది తీసుకోలేదంటే మాదీ తీసుకోరన్నమాట" అని అడగకుండానే వెళ్లిపోయారు. వీధిలో మా ఇంటికే కవరు రాలేదని మా నాన్న ఇప్పటికీ సణుగుతారు.

లా_పాయింట్
రహస్య వోటు వాళ్లకీ ఆలస్యంగానే వచ్చింది. క్రీ.పూ. 139 దాకా నోటితో చెప్పేదే, పక్కన ఆసామి నిలబడి వింటుండేవాడు. గాబీనియస్ చట్టంతో మైనపు పలక వచ్చింది. వోటు వేయడానికి ఇరుకైన వంతెనలాంటి దారి మీద నడిచి వెళ్లాలి, అక్కడ అభ్యర్థుల మనుషులు నిలబడి పలక లోకి తొంగిచూసేవాళ్లు. మారియస్ 119లో ట్రిబ్యూన్‌గా ఉన్నప్పుడు ఇంకొకడు పట్టనంతగా ఆ దారిని సన్నం చేయించాడు. మన బూతులో అట్టముక్కల చాటు పని అదే.

ఇంకోటి. సెంచురీల సభలో మొదట ఎవరు వేయాలో చీటీ తీసేవాళ్లు, ఆ సెంచురీ ఫలితం వెంటనే ప్రకటించేవాళ్లు. మొదటి ఫలితాన్ని దైవ సూచన కింద తీసుకుని మిగతావాళ్లు అటే వేసేవాళ్లు. మన చట్టం ఆఖరి విడత పోలింగ్ అయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ చూపించొద్దంటుంది. రోమ్‌లో ప్రభుత్వమే ఎగ్జిట్ పోల్ నడిపింది.

బెజవాడ_బాబీ
ఎమర్జెన్సీ సంగతి? ఆరు నెలల డిక్టేటర్ మంచి ఆలోచన కాదంటారా? సిన్సినాటస్ పదహారు రోజుల్లో పని ముగించి పొలానికి వెళ్లిపోయాడట.

లా_పాయింట్
సిన్సినాటస్‌ది క్రీ.పూ. 458 నాటి కథ, సగం పురాణం. పనిచేసినంత కాలం బాగానే పనిచేసింది. 202 తర్వాత 120 ఏళ్లు ఆ పదవినే వాడలేదు. 82లో సేనాధిపతి సుల్లా మళ్లీ బయటికి తీసినప్పుడు గడువు తీసేశాడు. హతమార్చాల్సినవాళ్ల జాబితాలు ఊళ్లో అతికించాడు. 44లో సీజర్ జీవితాంతం డిక్టేటర్ అయ్యాడు. అంటే గడువే ఆ పదవికి ప్రాణం, దాన్ని కాపాడేది కేవలం ఆనవాయితీ.

మనకి 1975 అనుభవం అయ్యాక 1978లో 44వ సవరణ తెచ్చారు. "అంతర్గత కల్లోలం" అనే కారణం తీసేసి "సాయుధ తిరుగుబాటు" పెట్టారు. ఆరు నెలలకోసారి పార్లమెంటు మళ్లీ ఒప్పుకోవాలి, అదీ ప్రత్యేక మెజారిటీతో. ప్రాణానికీ స్వేచ్ఛకీ హక్కిచ్చే 21వ అధికరణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆరు నెలల అంకె అక్కడా ఇక్కడా కలవడం యాదృచ్ఛికమే అయ్యుండొచ్చు. కాకపోతే మనది కాగితం మీద ఉంది.

టెక్సాస్_బాబాయ్
కాగితం మీద ఉంటే సరిపోతుందా లాయరు గారూ? 1975లో కూడా అంతా కాగితం ప్రకారమే జరిగింది. నేను అప్పుడు కాలేజీలో ఉన్నా. మా హాస్టల్లో ఇద్దర్ని తీసుకెళ్లారు, ఎందుకో ఎవరూ అడగలేదు. కాగితం చదివేవాడికి ధైర్యం లేకపోతే రోమన్ ఆనవాయితీకీ మన అధికరణానికీ పెద్ద తేడా ఉండదు.

లా_పాయింట్
ఉంటుంది సార్. 1977లో ఎన్నికలు జరిగాయి, ఓడినవాళ్లు దిగిపోయారు. క్రీ.పూ. 49లో సీజర్ దిగలేదు. సైన్యంతో సరిహద్దు నది రూబికాన్ దాటడానికి కారణం చాలామంది చెప్పేది ఇదే: పదవిలో ఉన్నంతకాలం కేసు వేయకూడదు, పదవి పోయిన మర్నాడు వేయొచ్చు. గవర్నర్ పదవికీ మళ్లీ కాన్సుల్ అవ్వడానికీ మధ్య ఒక్కరోజు ఖాళీ ఉన్నా శత్రువులు కోర్టుకి ఈడుస్తారు. ఆ ఖాళీ రాకుండా చూసుకోవాలనుకున్నాడు. కాదనే చరిత్రకారులూ ఉన్నారు.

మనకి రాజ్యాంగం 361వ అధికరణం కింద ఆ రక్షణ రాష్ట్రపతికీ గవర్నర్లకే. ప్రధానికీ ముఖ్యమంత్రికీ లేదు. పదవిలో ఉండగానే ముఖ్యమంత్రి అరెస్టవ్వడం 2024లో చూశాం.

టెక్సాస్_బాబాయ్
మా అమెరికాలో అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు అధ్యక్షుడి అధికారిక చర్యలకి క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఉందని చెప్పింది. రోమ్ వైపు ఒక అడుగు వేసినట్టే నాకు కనిపిస్తోంది.

కరీంనగర్_కుర్రోడు
బిల్లుల విషయంల మాత్రం రోమ్‌ది మంచిగుంది. బిల్లు పెట్టినంక మూడు సంతలు గడిచేదాకా వోటింగ్ పెట్టొద్దు. ఊరి నుంచి సంతకు వచ్చినోడు చదువుకోవాలె, నలుగురికీ చెప్పాలె. క్రీ.పూ. 98ల ఇంకో రూలు గట్టిగ పెట్టిండ్రు: సంబంధం లేని సంగతులన్నీ ఒకే బిల్లుల కట్టగట్టొద్దు. మన దగ్గర పొద్దున పెట్టి సాయంత్రం పాస్ చేస్తరు.

గోదారిగట్టు
2014 ఫిబ్రవరి 18న మన బిల్లు పాసైనప్పుడు టీవీలో లైవ్ కూడా లేదు.

కరీంనగర్_కుర్రోడు
"మన" బిల్లు ఎవరికన్నా? మాకైతే అరవై ఏళ్ల సంతలు గడిచినంకనే వచ్చింది.

గోదారిగట్టు
అలా అంటే రాజధాని లెక్క కూడా తీయాలి మరి.

మోడరేటర్_2
ఇక్కడితో ఆపండి. విభజన మీద వేరే థ్రెడ్ ఉంది, అది ఇప్పటికే ఎన్నో పేజీలు దాటింది. ఇక్కడ రోమ్ గురించే.

మిరపకాయబజ్జి
ట్రిబ్యూన్ గారు అడ్డుచెప్పారు. చెయ్యి వేస్తే పాపం.

సైలెంట్_రీడర్
అడ్డుచెప్పడం మితిమీరితే ఏమవుతుందో బిబ్యులస్‌ని చూడాలి. క్రీ.పూ. 59లో సీజర్‌కి జోడీ కాన్సుల్. సీజర్ భూమి బిల్లుకి అడ్డం వెళ్తే నెత్తిన పేడబుట్ట కుమ్మరించారు. ఆయన ఇంట్లో కూర్చుని, ఆకాశంలో శకునాలు చూస్తున్నా కాబట్టి సభ జరగకూడదని రోజూ కబురు పంపేవాడు. శకునం బాగాలేకపోతే సభ ఆపే హక్కు నిజంగానే ఉంది మరి. సీజర్ పట్టించుకోకుండా అన్నీ పాస్ చేసుకున్నాడు. ఆ ఏడాది కాన్సుల్స్ ఎవరంటే జూలియస్, సీజర్ అని జనం నవ్వుకునేవాళ్లు.

సరళ_వైజాగ్
పథకాల గురించి కూడా ఒక మాట. గ్రాకస్ తమ్ముడు గాయస్ క్రీ.పూ. 123లో పౌరులకి చవక ధరకి ధాన్యం ఇచ్చే చట్టం తెచ్చాడు. 58లో క్లోడియస్ అనే ట్రిబ్యూన్ పూర్తిగా ఉచితం చేశాడు. తీసుకునేవాళ్లు 3,20,000 ఉంటే సీజర్ వచ్చి 1,50,000కి కోసేశాడు. మనకి 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా అమ్మమ్మ మొదటిసారి రెండుపూటలా వరన్నం వండిందట. ఖజానా ఖాళీ అవుతుందన్న మాట అప్పుడూ అన్నారు, సిసిరో కూడా అదే అన్నాడు.

పాతపుస్తకం
ఆ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించిన పీసో అనే మాజీ కాన్సుల్ ధాన్యం వరసలో నిలబడి ఉంటే గాయస్ పట్టేసుకుని ఇదేంటని అడిగాడు. నా సొమ్ము నువ్వు ఊరందరికీ పంచడం నాకు ఇష్టం లేదు, పంచుతుంటే మాత్రం నా వాటా నేను తీసుకుంటా అన్నాడట.

మిరపకాయబజ్జి
కారులో వచ్చి తెల్లకార్డు మీద బియ్యం తీసుకెళ్లే మా పక్కింటాయన పేరు ఈ రోజు నుంచి పీసో.

బెజవాడ_బాబీ
గ్రూపులో ఆయనకి 98 లెక్క పంపాను. "అయితే ఏంటి, ఆస్తి ఉన్నవాడికే బాధ్యత ఉంటుంది" అన్నాడు. మెయింటెనెన్స్ ఎక్కువ కట్టే త్రీ బెడ్‌రూమ్ వాళ్లకి అసోసియేషన్‌లో రెండు వోట్లు ఉండాలని కూడా ప్రతిపాదించాడు. ఆయనది త్రీ బెడ్‌రూమే.

టెక్సాస్_బాబాయ్
మాకు ఏ బెడ్‌రూమూ లేదు బాబూ. మా అబ్బాయి ఇక్కడ పదేళ్లకి పైగా పన్ను కడుతున్నాడు, గ్రీన్‌కార్డు రాలేదు, వోటు లేదు. ఇటలీ మిత్రరాజ్యాలవాళ్లు తరాల తరబడి రోమ్ సైన్యంలో చచ్చారు గానీ పౌరసత్వం ఇవ్వలేదు. క్రీ.పూ. 91లో తిరగబడితే గానీ రాలేదు. వచ్చాక కూడా వోటు వేయాలంటే రోమ్‌కి నడవాలి. మావాడికి ఇండియాలో ప్రవాస వోటు ఉంది, కానీ ఊరికి వచ్చి బూతులో నిలబడి వేయాలి. 2024లో టికెట్ ధర చూసి మానేశాడు.

లా_పాయింట్
ప్రవాసులు తమ బదులు ఇంకొకరిచేత వేయించుకునేలా బిల్లు 2018లో లోక్‌సభలో పాసైంది సార్. రాజ్యసభలో పాస్ కాకుండానే 2019లో లోక్‌సభ రద్దయ్యేసరికి మురిగిపోయింది.

గోదారిగట్టు
మంచిదే అయింది. మా ఊళ్లో సగం ఇళ్లలో పిల్లలు బయటే. వాళ్ల బదులు వేసే హక్కు ఇస్తే ఆ నలుగురు ఆసాములే ఊరంతటి వోట్లూ వేసేస్తారు.

టెక్సాస్_బాబాయ్
మావాడు వాళ్ల అమ్మకి రాసిస్తాడులే, ఆసాములకి ఎందుకిస్తాడు?

మిరపకాయబజ్జి
పిన్ని ఏ పార్టీయో, అబ్బాయి ఏ పార్టీయో ముందు కనుక్కోండి బాబాయ్.